చందా పెరిగిందా? పాస్‌వర్డ్ మేనేజర్ ఎంపిక, మార్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళం వేసి దాచే యాప్) చందా పెంచుతున్నామని మెయిల్ వచ్చింది. వెంటనే వేరేదానికి మారిపోవాలా?

తొందరపడొద్దు. కొత్త ధర మామూలుగా తర్వాతి రెన్యూవల్ నుంచే అమలవుతుంది. ముందు ఆ తేదీ చూసుకుని, అంతకు ఒక నెల ముందే ఆటో-రెన్యూవల్ ఆపేయండి. ఆపినంత మాత్రాన ఖాతా మూతపడదు, కట్టిన గడువు తీరేదాకా అన్నీ పనిచేస్తాయి. యాప్ స్టోర్ ద్వారా డబ్బు కట్టి ఉంటే మాత్రం కంపెనీ వెబ్‌సైట్‌లో రద్దు బటన్ కోసం వెతకడం వృథా. ఫోన్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలోనే ఆపాలి. యాప్ డిలీట్ చేస్తే చందా కూడా ఆగిపోతుందనుకుని మరో ఏడాది డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఆ నెలలో తేల్చుకోవాల్సినవి రెండే. డబ్బు కట్టి తీసుకున్న సౌకర్యాల్లో మీరు నిజంగా వాడుతున్నవి ఏవి? రేపు బయటికి రావాల్సి వస్తే మీ డేటా మొత్తం మీతో వస్తుందా? మా లెక్కలో రెండోదే ముఖ్యం. ధర ఎప్పుడైనా మారుతుంది, ఉచిత ప్లాన్ ఎప్పుడైనా ఎత్తేస్తారు. సులువుగా వదిలి రాగలిగినదాన్ని ఎంచుకుంటే ఈ రెండింటికీ భయపడక్కర్లేదు.

ఉచిత ప్లాన్‌లో భద్రత తక్కువగా ఉంటుందా?

పేరున్న మేనేజర్లలో ఉండదు. బిట్‌వార్డెన్‌లో గానీ ప్రోటాన్ పాస్‌లో గానీ ఉచిత ఖాతాకీ డబ్బు కట్టిన ఖాతాకీ ఎన్‌క్రిప్షన్ (డేటాని తాళంచెవి లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చడం) ఒకటే. చందా కట్టేది చుట్టూ ఉన్న సౌకర్యాలకి: ఓటీపీ కోడ్‌లు అదే యాప్‌లో చూపించడం, ఫైళ్లు దాచుకోవడం, కుటుంబంతో పంచుకోవడం, అత్యవసర యాక్సెస్, కస్టమర్ సపోర్ట్‌లో ముందు వరుస. కొన్ని కంపెనీలు వీపీఎన్‌ని కూడా కలిపి ప్యాకేజీ ధర పెంచుతాయి. అది పాస్‌వర్డ్‌లకి సంబంధం లేని సరుకు. వాడకపోతే ఆ ప్లాన్ మీకొద్దు.

‘డార్క్ వెబ్ నిఘా’ (లీకైన డేటాలో మీ వివరాలు ఉన్నాయేమో చూసి చెప్పే సేవ) పేరుతో అమ్మేదాంట్లో పెద్ద భాగం ఉచితంగానే దొరుకుతుంది. ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన ‘హావ్ ఐ బీన్ పోన్డ్’ సైట్‌లో మీ ఈమెయిల్ ఇస్తే అది ఏయే లీకుల్లో ఉందో చెబుతుంది. అక్కడే పాస్‌వర్డ్ కూడా సరిచూసుకోవచ్చు. పాస్‌వర్డ్ మీ పరికరం దాటి వెళ్లదు, దాని హ్యాష్‌లోని (పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన, వెనక్కి తిప్పలేని కోడ్‌లోని) మొదటి 5 అక్షరాలే సర్వర్‌కి వెళ్తాయి.

ఉచిత ప్లాన్‌ని నమ్ముకుంటే మధ్యలో ఎత్తేయరా?

ఎత్తేస్తారు, ఎత్తేశారు కూడా. లాస్ట్‌పాస్ 2021 మార్చిలో ఉచిత ఖాతాలకి కంప్యూటరా, ఫోనా ఏదో ఒకటే ఎంచుకోమంది. డాష్‌లేన్ 2023లో ఉచిత ఖాతాకి 25 పాస్‌వర్డ్‌ల పరిమితి పెట్టింది, 2025లో ఆ ప్లాన్‌నే తీసేసింది. ఉచితమే కదా అని చేరేవాళ్లు మొదటి రోజే ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి (దాచినవన్నీ ఒక ఫైల్‌గా బయటికి తీసి) చూసుకోవాలి. చేరడం అందరూ సులువుగానే పెడతారు, బయటి దారి ఎలా ఉందో చూడాలి.

ఈ పేరా రాసే నాటికి పరికరాల సంఖ్యకీ పాస్‌వర్డ్‌ల సంఖ్యకీ పరిమితి లేని ఉచిత ప్లాన్ బిట్‌వార్డెన్‌కీ ప్రోటాన్ పాస్‌కీ ఉంది. నార్డ్‌పాస్ ఉచిత ఖాతాలో ఒక సమయంలో ఒక పరికరంలోనే లాగిన్ అయి ఉండగలరు. ఫోన్‌లో తెరిస్తే కంప్యూటర్‌లో లాగౌట్ అవుతుంది, రెండ్రోజుల్లో విసుగొస్తుంది. వన్‌పాస్‌వర్డ్‌కి ఉచిత ప్లాన్ లేదు. ఒకసారి కొని వాడుకునే పద్ధతి కూడా 8వ వెర్షన్‌తో ఆగిపోయింది.

బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో వచ్చేది సరిపోదా?

చాలామందికి సరిపోతుంది. మీవన్నీ యాపిల్ పరికరాలే అయితే 2024లో ఐఓఎస్ 18తో వచ్చిన పాస్‌వర్డ్స్ యాప్ ఓటీపీ కోడ్‌లు, పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవులు), కుటుంబంతో పంచుకునే గ్రూపులు అన్నీ పైసా తీసుకోకుండా ఇస్తుంది. విండోస్‌లో ఐక్లౌడ్ యాప్ ద్వారా అందుతుంది, ఆండ్రాయిడ్‌లో మాత్రం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్ బ్రౌజర్ వాడేవాళ్లకి గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ చాలు.

ఇబ్బంది రెండుచోట్ల వస్తుంది. ఫోన్ ఒక కంపెనీది, కంప్యూటర్ ఇంకో కంపెనీది అయితే ఏదో ఒక వైపు అతుకు వేసినట్టే ఉంటుంది. ఇక పాస్‌వర్డ్‌లన్నీ మెయిల్ ఖాతాకే వేలాడుతుంటాయి కాబట్టి ఆ ఖాతా లాక్ అయితే మెయిల్, ఫోటోలు, పాస్‌వర్డ్‌లు ఒకేసారి చేజారతాయి. పైగా పెద్ద కంపెనీ కదా అని శాశ్వతం అనుకోలేం. మొజిల్లా తన లాక్‌వైజ్ యాప్‌ని 2021లో ఆపేసింది. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ యాప్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు 2025 ఆగస్టు నుంచి అందులో కనిపించడం మానేశాయి. వాటి కోసం ఎడ్జ్ బ్రౌజర్‌కి వెళ్లాల్సి వచ్చింది.

కీపాస్ పూర్తిగా ఉచితం అంటారు. అందరూ అదే వాడొచ్చుగా?

వాడొచ్చు, కానీ కంపెనీ చేసే పని మీరు చేయాలి. కీపాస్ 2003 నుంచి ఉంది. ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కువమంది వాడేది కీపాస్‌ఎక్స్‌సీ. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్ లేదా కీపాస్‌టూఆండ్రాయిడ్, ఐఫోన్‌లో కీపాసియం లేదా స్ట్రాంగ్‌బాక్స్. ఇవన్నీ తెరిచేది ఒకే రకం ఫైల్, కేడీబీఎక్స్. మీ వాల్ట్ (పాస్‌వర్డ్‌లన్నీ ఉండే ఖజానా) అంటే ఆ ఒక్క ఫైలే. ఖాతా లేదు, సర్వర్ లేదు, రెన్యూవల్ లేదు. ఒక యాప్ నచ్చకపోతే ఇంకో యాప్‌తో అదే ఫైల్ తెరుచుకోవచ్చు. బయటికి వచ్చే దారి విషయంలో దీన్ని మించింది లేదు.

చిక్కంతా సింక్‌లో (అన్ని పరికరాల్లోనూ ఒకే ఫైల్ ఉండేలా చూసుకోవడంలో) ఉంటుంది. ఫైల్‌ని ఏదో ఒక క్లౌడ్ ఫోల్డర్‌లోనో, పరికరాల మధ్య ఫైళ్లు పంచే సింక్‌థింగ్ యాప్‌తోనో రెండు పరికరాల్లో ఉంచుతారు. ఫోన్‌లో ఇంటర్నెట్ లేనప్పుడు ఒక పాస్‌వర్డ్ మార్చారు, అదే రోజు కంప్యూటర్‌లో ఇంకోటి చేర్చారు అనుకోండి. ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు తయారవుతాయి, ఒకదాని పేరులో ‘కాన్‌ఫ్లిక్ట్’ అని ఉంటుంది. కొత్త తేదీ ఉన్నది ఉంచి రెండోది తీసేస్తే ఒక మార్పు పోయినట్టే. కీపాస్‌ఎక్స్‌సీలో అసలు ఫైల్ తెరిచి, డేటాబేస్ మెనూలో ‘మెర్జ్ ఫ్రమ్ డేటాబేస్’ ఎంచుకుని, కాన్‌ఫ్లిక్ట్ ఫైల్‌ని చూపించండి. రెండింటిలోని మార్పులూ కలుస్తాయి. ఆ తర్వాతే రెండోది తీసేయాలి. సేవ్ చేసే ముందు బ్యాకప్ తీసే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది, దాన్ని ఆన్ చేసి పెట్టండి.

ఐఫోన్ వాడేవాళ్లు చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఆర్గాన్2 (పాస్‌వర్డ్ ఊహించే పనిని నెమ్మదింపజేసే లెక్క) సెట్టింగ్‌లో మెమరీ ఎంత ఎక్కువ పెడితే దొంగకి అంత కష్టం అని కంప్యూటర్‌లో 1 గిగాబైట్ పెట్టేస్తారు. ఐఫోన్‌లో ఆటోఫిల్‌కి (పాస్‌వర్డ్‌ని దానంతటదే నింపే సౌకర్యానికి) దొరికే మెమరీ చాలా తక్కువ కాబట్టి అది మధ్యలోనే ఆగిపోతుంది. యాప్ విడిగా తెరిస్తే బాగానే ఉంటుంది, ఆటోఫిల్ మాత్రం రాదు. కారణం తెలియక యాప్‌ని తిట్టుకుంటారు. మెమరీ 64 మెగాబైట్లకి దించితే చాలు.

కీ ఫైల్ (వాల్ట్ తెరవడానికి పాస్‌వర్డ్‌తో పాటు అడిగే ఫైల్) వాడితే దాన్ని వాల్ట్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టొద్దు, వేరేచోట కాపీ ఉంచండి. ఫోటోని కీ ఫైల్‌గా పెట్టడం మంచిది కాదు. ఏదో యాప్ ఆ ఫోటోని తిరిగి సేవ్ చేసి ఒక్క బైట్ మార్చినా వాల్ట్ ఇక తెరుచుకోదు.

సొంత సర్వర్‌లో బిట్‌వార్డెన్ నడుపుకుంటే?

వాల్ట్‌వార్డెన్‌తో (బిట్‌వార్డెన్ సర్వర్ బదులు నడుపుకునే సాఫ్ట్‌వేర్‌తో) చిన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది, బిట్‌వార్డెన్ యాప్‌లన్నీ దానికి కలుస్తాయి. అప్‌డేట్లు, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్, రోజువారీ బ్యాకప్, ఆ బ్యాకప్ తిరిగి తెరుచుకుంటోందో లేదో చూడటం మీ పని. సర్వర్లు నడపడం ఇప్పటికే అలవాటున్నవాళ్లకి సరే. చందా మిగుల్చుకోవడానికి కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదిది.

కంపెనీ మీదే దాడి జరిగితే నా పాస్‌వర్డ్‌లు బయటపడతాయా?

2022లో లాస్ట్‌పాస్ విషయంలో జరిగింది చూస్తే జవాబు తెలుస్తుంది. దొంగలు ఖాతాదారుల వాల్ట్‌ల బ్యాకప్‌లు ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, కానీ సైట్ల చిరునామాలు అలా లేవు. ఎవరికి ఏ బ్యాంకులో, ఏ క్రిప్టో సైట్‌లో ఖాతా ఉందో దొంగకి నేరుగా కనిపించిందన్నమాట. ఎవరి వాల్ట్ మీద ముందు కూర్చోవాలో అదే చెప్పేసింది.

దొంగకి ఇక మిగిలింది మాస్టర్ పాస్‌వర్డ్ (వాల్ట్ మొత్తాన్ని తెరిచే ఒక్క పాస్‌వర్డ్) ఊహించడం. ఒక్కో ఊహకి ఎంత సమయం పట్టాలో నిర్ణయించేది ఇటరేషన్ల సంఖ్య, అంటే పాస్‌వర్డ్‌ని తాళంచెవిగా మార్చే లెక్కని ఎన్నిసార్లు తిప్పుతారో అది. లాస్ట్‌పాస్ అప్పటి డిఫాల్ట్ 1,00,100. పాత ఖాతాల్లో కొన్ని 5,000 దగ్గరే ఉండిపోయాయి, ఇంకా తక్కువ ఉన్నవీ ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే దాడి, కానీ పాత ఖాతా ఉండి చిన్న మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ల ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ.

కాబట్టి ఎంచుకునేముందు చిరునామాలు కూడా ఎన్‌క్రిప్ట్ అవుతాయా అని చూడండి. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్, ప్రోటాన్ పాస్ చేస్తాయి. తర్వాత ఇటరేషన్లు. ఆ లెక్క పద్ధతి పీబీకేడీఎఫ్2 అయితే 6,00,000 ఉండాలి. బిట్‌వార్డెన్‌లో ఇది వెబ్ వాల్ట్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీ, కీస్ దగ్గర కనిపిస్తుంది. మార్చేముందు ఒక ఎక్స్‌పోర్ట్ తీసి పెట్టుకోండి, మార్చగానే అన్ని పరికరాల్లోనూ లాగౌట్ కావచ్చు. వన్‌పాస్‌వర్డ్ పద్ధతి వేరు. మాస్టర్ పాస్‌వర్డ్‌కి తోడు 34 అక్షరాల సీక్రెట్ కీ మీ పరికరంలోనే తయారవుతుంది, అది లేకుండా సర్వర్ నుంచి దొంగిలించిన వాల్ట్ ఎందుకూ పనికిరాదు. డబ్బు కట్టడానికి మాకు సబబుగా కనిపించే కారణాల్లో ఇదొకటి.

వాల్ట్ ఒకసారి దొంగ చేతికి వెళ్లాక మాస్టర్ పాస్‌వర్డ్ మార్చినా, ఇటరేషన్లు పెంచినా ఆ కాపీకి ఏమీ కాదు. లోపల ఉన్న పాస్‌వర్డ్‌లే ఒక్కొక్కటిగా మార్చుకోవాలి.

మాస్టర్ పాస్‌వర్డ్ ఎలా పెట్టుకోవాలి?

పాచికలతో. 7,776 పదాల డైస్‌వేర్ జాబితా తీసుకుని, 5 పాచికలు వేసి, వచ్చిన అంకెలకి ఎదురుగా ఉన్న పదం రాసుకోండి. అలా 6 పదాలు. మొత్తం సుమారు 77 బిట్ల బలం వస్తుంది (ఒక్కో బిట్‌కీ ఊహించాల్సినవి రెట్టింపవుతాయి). పదాలు మీరే ఏరుకుంటే ఈ లెక్క చెల్లదు. ‘ఇది బాగోలేదు, మళ్లీ వేద్దాం’ అని పాచికలు తిప్పుకుంటూ పోయినా బలం తగ్గుతుంది. వచ్చినవి వచ్చినట్టే తీసుకోవాలి.

తెలుగు లిపిలో పెట్టుకుంటే ఎవరూ ఊహించలేరని కొందరికి ఆలోచన వస్తుంది. వద్దు. ‘పాస్‌వర్డ్’ అన్న మాటలోనే స్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు. తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. పైగా కొత్త కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డే ఉండకపోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకోండి.

మూడు నెలలకోసారి మార్చాలన్న నియమం పట్టించుకోకండి. లీకైందన్న అనుమానం ఉంటే తప్ప మార్చమని అడగొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీయే చెబుతోంది.

పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి ఎలా మారాలి?

తీరిగ్గా రెండు గంటలు పెట్టుకుని, సొంత కంప్యూటర్‌లో, ఈ వరుసలో చేయండి.

1. పాత వాల్ట్‌లో చెత్తబుట్ట చూసి, కావాల్సినవి వెనక్కి తెచ్చుకోండి. ఎక్స్‌పోర్ట్‌లో అవి రావు. పనికిరానివి ఇప్పుడే తీసేయండి.
2. డౌన్‌లోడ్ అయ్యే ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతోందా చూడండి. అవుతుంటే ఎక్స్‌పోర్ట్ ఫైల్ క్షణాల్లో క్లౌడ్‌కి ఎక్కేస్తుంది. సింక్ కాని ఫోల్డర్ ఎంచుకోండి.
3. ఎక్స్‌పోర్ట్ చేయండి. క్రోమ్ అయితే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ‘డౌన్‌లోడ్ ఫైల్’. వచ్చేది సీఎస్‌వీ ఫైల్, అందులో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో ఉంటాయి.
4. కొత్తదాంట్లో ఇంపోర్ట్ పేజీకి వెళ్లి, ఫైల్ ఏ మేనేజర్ నుంచి వచ్చిందో జాబితాలో సరిగ్గా ఎంచుకోండి. తప్పు పేరు ఎంచుకుంటే యూజర్‌నేమ్ గడిలో పాస్‌వర్డ్, పాస్‌వర్డ్ గడిలో నోట్ పడతాయి.
5. పాత, కొత్త వాల్ట్‌ల లెక్క పోల్చండి. తర్వాత ఐదారు సైట్లలో నిజంగా లాగిన్ అయి చూడండి. చిత్రమైన గుర్తులు, కామాలు, కోట్‌లు ఉన్న పాస్‌వర్డ్‌లని ఏరి మరీ చూడాలి.
6. బ్రౌజర్ సొంత సేవింగ్ ఆపేయండి, పాత ఎక్స్‌టెన్షన్ తీసేయండి. లేకపోతే రెండూ ఒకే గడి కోసం పోటీపడి, కొత్త పాస్‌వర్డ్ ఒకదాంట్లో పాతది ఇంకోదాంట్లో మిగులుతాయి. ఫోన్‌లో ఆటోఫిల్ సర్వీస్‌ని కొత్త యాప్‌కి మార్చండి.
7. సీఎస్‌వీని డిలీట్ చేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఇంకా మంచిది. ఎస్‌ఎస్‌డీల్లో ఫైల్ మీద తిరగరాసి చెరిపే పాత పద్ధతి నమ్మదగింది కాదు.

ఇంపోర్ట్ మధ్యలో ఆగితే మళ్లీ నొక్కే ముందు లోపల చూడండి. బిట్‌వార్డెన్ వంటివి నకళ్లని పట్టించుకోవు, రెండుసార్లు ఇంపోర్ట్ చేస్తే అన్నీ రెండేసి వస్తాయి.

సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సరిచేసుకోవచ్చా?

చేయొద్దు. 0042 అనే పిన్ 42 అవుతుంది. 16 అంకెల సంఖ్యలో చివరి అంకె 0గా మారుతుంది. ‘=’తో మొదలైన పాస్‌వర్డ్‌ని ఫార్ములా అనుకుంటుంది. సేవ్ నొక్కితే ఆ మార్పులన్నీ ఫైల్‌లో పడతాయి, ఏవి పాడయ్యాయో తర్వాత తెలియదు. తప్పనిసరైతే నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

ఎక్స్‌పోర్ట్‌లో రానివి ఏవి?

జత చేసిన ఫైళ్లు మామూలు ఎక్స్‌పోర్ట్‌లో రావు, విడిగా దింపుకోవాలి. బిట్‌వార్డెన్ సీఎస్‌వీలో లాగిన్లు, నోట్లు తప్ప కార్డులు, చిరునామా వివరాలు, పాస్‌కీలు ఉండవు. వాటి కోసం జేసన్ అనే ఇంకో రకం ఫైల్ తీసుకోవాలి. సంస్థ ఖాతాలో పంచుకున్నవి వ్యక్తిగత ఎక్స్‌పోర్ట్‌లో కనిపించవు.

బిట్‌వార్డెన్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన జేసన్ రెండు రకాలు. ‘అకౌంట్ రిస్ట్రిక్టెడ్’ అన్నది ఆ ఖాతాలోనే తెరుచుకుంటుంది. ఖాతా డిలీట్ చేస్తే ఆ బ్యాకప్ చిత్తుకాగితమే. పాస్‌వర్డ్ పెట్టి దాచే రెండో రకాన్నే ఎంచుకోండి.

పాస్‌కీలు కూడా మారతాయా?

ఇప్పుడిప్పుడే మారుతున్నాయి. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి పాస్‌కీలు పంపడానికి, వాటి ప్రమాణాలు తయారుచేసే ఫైడో అలయన్స్ 2024లో ఒక పద్ధతి ప్రతిపాదించింది. ఐఓఎస్ 26లో అది పనిచేస్తుంది, అయితే రెండు యాప్‌లూ దాన్ని అర్థం చేసుకోవాలి. కుదరకపోతే పాత యాప్ ఉండగానే ఒక్కో సైట్‌లో లాగిన్ అయి, కొత్త యాప్‌లో ఇంకో పాస్‌కీ చేర్చి, తర్వాత పాతది తీసేయండి.

ఓటీపీ కోడ్‌లు కూడా అదే మేనేజర్‌లో పెట్టొచ్చా?

మామూలు సైట్లకి పెట్టొచ్చు, సౌకర్యం బాగుంటుంది. ఈమెయిల్‌కీ వాల్ట్‌కీ మాత్రం వద్దు. వాల్ట్ తెరవడానికి కావాల్సిన కోడ్ వాల్ట్‌లోపలే ఉంటే, కొత్త ఫోన్ కొన్న రోజు మీరు బయటే నిలబడాలి. దానికి విడిగా ఉచిత ఆథెంటికేటర్ యాప్ వాడి, రికవరీ కోడ్ (ఆ యాప్ పోయినా లోపలికి రానిచ్చే కోడ్) కాగితం మీద రాసి పెట్టుకోండి. కోడ్‌ల కోసమే చందా కడుతుంటే ఈ విడి యాప్‌తో ఆ ఖర్చు తప్పుతుంది.

చందా కట్టకపోతే దాచినవన్నీ పోతాయా?

పోవు. వన్‌పాస్‌వర్డ్‌లో ఖాతా స్తంభిస్తుంది: చూడొచ్చు, ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు, కొత్తవి చేర్చలేరు. బిట్‌వార్డెన్‌లో ఖాతా ఉచిత ప్లాన్‌కి దిగుతుంది. ఓటీపీ కీలు లోపలే ఉంటాయి గానీ కోడ్‌లు చూపించదు. అందుకే గడువు తీరకముందే వాటిని వేరే యాప్‌కి తరలించుకోవాలి.

ఒక సైట్‌లో ఆటోఫిల్ రావడం లేదు. కాపీ చేసి అతికించనా?

ముందు అడ్రస్ బార్ చదవండి. మేనేజర్ సైట్ పేరుని అక్షరం అక్షరం పోలుస్తుంది. అసలు సైట్‌లా కనిపించే నకిలీ పేజీలో అది నోరు మెదపదు. చిరునామా సరైనదే అని తేలాకే అతికించండి.

కుటుంబ ప్లాన్ లాభమా?

ముగ్గురు నలుగురు నిజంగా వాడితే లాభమే. వన్‌పాస్‌వర్డ్ ఫ్యామిలీలో ఒకరు మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆర్గనైజర్‌గా ఉన్నవాళ్లు ఖాతా తిరిగి తెరిపించగలరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క సౌకర్యానికే డబ్బు కట్టొచ్చు. ఇద్దరే అయితే బిట్‌వార్డెన్ ఉచిత ఖాతాలోనే పంచుకోవచ్చు. ఎవరితోనైనా పంచుకోవడం ఆపేశాక ఆ పాస్‌వర్డ్ మార్చేయండి, వాళ్లు ఒకసారి చూసే ఉంటారు.

నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకి ఇవి ఎలా అందుతాయి?

బిట్‌వార్డెన్ ప్రీమియంలో అత్యవసర యాక్సెస్ ఉంది. మీరు నమ్మే మనిషి అడిగాక, మీరు పెట్టిన గడువులోపు మీరు కాదనకపోతే వాల్ట్ వాళ్లకి తెరుచుకుంటుంది. వాళ్లకి ఉచిత ఖాతా ఉన్నా చాలు. యాపిల్‌లో ఎవరినైనా లెగసీ కాంటాక్ట్‌గా (మీ తర్వాత మీ డేటా అందుకునే మనిషిగా) పెట్టినా, యాపిల్ పాస్‌వర్డ్‌లు దాచే కీచైన్‌లోనివి వాళ్లకి అందవు, ఇది చాలామందికి తెలియదు.

డబ్బు అక్కర్లేని దారి కాగితం. మాస్టర్ పాస్‌వర్డ్, వాల్ట్ ఖాతా ఈమెయిల్, రికవరీ కోడ్, ఉంటే సీక్రెట్ కీ, ఫోన్ పిన్ రాసి, కవర్‌లో పెట్టి, ముఖ్యమైన పత్రాలు ఉన్నచోటే ఉంచండి. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టొద్దు. మాస్టర్ పాస్‌వర్డ్ మార్చిన రోజే కాగితం కూడా మార్చండి.

పాత ఖాతా ఎప్పుడు డిలీట్ చేయాలి?

కొత్తదాంట్లో నెల రోజులు గడిచాక. ఏడాదికోసారి తెరిచే సైట్లు ఈలోపు ఒకటో రెండో బయటపడతాయి. డిలీట్ చేసేముందు ఇంకో ఎక్స్‌పోర్ట్ తీసి, కొత్త వాల్ట్‌తో మరోసారి పోల్చండి. యాప్ తీసేయడం వేరు, ఖాతా తీసేయడం వేరు. వెబ్‌సైట్‌లో లాగిన్ అయి ‘డిలీట్ అకౌంట్’ నొక్కి, నిర్ధారణ మెయిల్ వచ్చేదాకా చూడండి. చందా రద్దు కాకుండా ఖాతా తీసేస్తే యాప్ స్టోర్ మాత్రం డబ్బు కోస్తూనే ఉండొచ్చు, కాబట్టి ముందు అది ఆపి తర్వాత ఇది తీయండి.